ముట్టు తెప్పించిన గోలీలు

మా ఇంట్లో అమ్మానాన్నలు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు. కొట్లాట ఉండి కాదు. అదే మర్యాద అనుకునేవారు. నాన్న రెండు బారల దూరంలో పీట వేసుకుని కూర్చుని ఉన్నా సరే, అమ్మ నా వైపే చూసి, "మీ నాయినను బువ్వకు రమ్మను" అనేది. నాన్న కూడా నా వైపే చూసి, "పచ్చిపులుసు ఉన్నదా అడుగు" అనేవాడు. నేను ఇంట్లో లేని పూట ఏం చేసేవారో, గోడకు చెప్పుకునేవారో ఏమో. చిన్నప్పుడు నాకదంతా నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

1969లో, బడులు సరిగా నడవని ఆ ఏడు, మేము పెద్దేముల్ నుంచి తాండూరుకు వచ్చాం. నాన్నకు కందిపప్పు మిల్లులో మేస్త్రీ పని దొరికింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన కనురెప్పల మీద కూడా పొట్టు ఉండేది. ఇల్లు చిన్నదే, కింద నాపరాళ్లు, ముందు రేకుల సాయబాను. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే మాడు పగిలిపోయేది.

ఆ సాయబానులో ఒక మూల అమ్మది. ముట్టయిన మూడు రోజులూ ఆమె గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఆ మూల పాత బొంత పరుచుకుని, అక్కడే కూర్చుని, అక్కడే తిని, అక్కడే పడుకునేది. నాన్న మిల్లు నుంచి రాగానే బొంత కనిపించేది. ఒక్క మాట అడిగేవాడు కాదు. చేదబావి నుంచి నీళ్లు తోడి, బిందె ఆమె చేతికి అందేంత దూరంలో పెట్టి, లోపలికి పోయి పొయ్యి ముట్టించేవాడు. ఆ మూడు రోజులూ వంట ఆయనదే. కూరలో ఉప్పు విరగబోసేవాడు. అమ్మ బయటి నుంచే, "ఉప్పు అగ్గువైందా ఏంది, జర చూసి ఎయ్యమని చెప్పు మీ నాయినకు" అని పకపకా నవ్వేది. నాన్న మూతి ముడుచుకునేవాడు గానీ మరుసటి పూట కూడా అంతే ఉప్పు వేసేవాడు.

1974 ఎండాకాలం. నేను ఎనిమిదో తరగతి పరీక్షలు రాశాను. వికారాబాదులో ఉండే మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, మా ఇంటికి వచ్చింది. బట్టలు ఉతుకుతూ అమ్మ రవిక మీద ఎడమ పక్క మరక చూసింది. పాల మరక కాదు, నెత్తుటి మరక. అమ్మను లోపలికి లాక్కుపోయి తలుపు వేసింది. గోడ ఇవతల నాకు అంతా వినపడుతూనే ఉంది.

"ఎన్నొద్దుల సంది ఉన్నదే గీ గడ్డ?"

"గిప్పటిది కాదక్కా. దసరా ముంగట్నుంచే ఉండె. నొప్పి లేదని ఊకున్న."

"నొప్పి లేకుంటే ఊకుంటవా? మొగనికి చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? ఏమని చెప్పాలె?"

పెద్దమ్మ నెత్తి కొట్టుకున్న చప్పుడు కూడా నాకు వినపడింది. ఆ సంగతి చివరికి నాన్నకు చెప్పింది కూడా పెద్దమ్మే. అది కూడా తల పక్కకు తిప్పుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా చెల్లె పాణం మంచిగ లేదు, డాక్టరుకు చూపెట్టాలె" అని మాత్రమే.

వికారాబాదులో డాక్టరు చూసి, ఇక్కడ కాదు, హైదరాబాదు తీసుకుపొమ్మన్నాడు. అక్కడ పెద్ద దవాఖానలో ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లను ఏదో ఒక పూట తప్ప రానిచ్చేవారు కాదు. అందుకని అమ్మ దగ్గర నన్ను ఉంచారు. ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత "కరెంటు" పెట్టడం మొదలుపెట్టారు. యంత్రం కింద పడుకోబెట్టి ఇచ్చే వైద్యాన్ని వార్డులో అందరూ కరెంటు అనే అనేవారు. అమ్మ అది పెట్టేటప్పుడు షాకు కొడుతుందేమోనని భయపడి చేతి గాజులు తీసి నాకిచ్చేది. ఏమీ కొట్టదమ్మా అని నేనంటే, "నీకేమెర్క, ఊకో" అనేది.

ఛాతీకి కరెంటు అయిపోయాక ఒకరోజు పొత్తికడుపు మీద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. ఇక మీదట అక్కడ కూడా పెడతారట. అమ్మకు అర్థం కాలేదు. ఎవరికైనా ఎట్లా అర్థమవుతుంది? గడ్డ ఒక చోట, కరెంటు ఇంకో చోట. ఆ పూట నాన్న వచ్చినప్పుడు అమ్మ నాతో అంది:

"రొమ్ముల గడ్డకు కడుపు మీద కరెంటెందుకట, మీ నాయినను అడుగు."

నేను అడిగాను. నాన్న ముఖం ఎర్రగా కందిపోయింది. కిటికీ వైపు తిరిగాడు.

"డాక్టర్లకు ఎర్కలేదా? జర సప్పుడు చెయ్యకుండ పండుకోమను."

అంతకు కాస్త ముందే వరండాలో డాక్టరు నాన్నతో చాలాసేపు మాట్లాడటం నేను చూశాను. చేతులు కట్టుకుని, తల వంచుకుని నాన్న వింటున్నాడు. ఏం విన్నాడో మాకు తెలియడానికి ఆ తర్వాత రెండేళ్లకు పైగా పట్టింది. డాక్టరు చెప్పింది ఇది: ఆమెకు ఇంకా ముట్టు వస్తోంది, అండాశయాలు పనిచేస్తున్నాయి. అవి ఊరించే రసమే ఆ జాతి గడ్డకు మేత. అందుకని ఆ అండాశయాలను కరెంటుతో ఎండగడుతున్నాం. ఇక ముట్టు రాదు. రాకూడదు. ఒంట్లో వేడి ఆవిర్లు వస్తాయి, నిద్ర పట్టదు, భయపడొద్దని ఆమెకు చెప్పండి.

నాన్న చెప్పలేదు. ఎట్లా చెబుతాడు? పచ్చిపులుసు సంగతి నేరుగా అడగలేని మనిషి, నీ ముట్టు ఆపేశారని పెళ్లానికి చెబుతాడా? కూతురితో చెప్పించలేడు. వదినెతో అనలేడు. డాక్టరు మాత్రం ఆమె మంచం పక్కనే నిలబడి ఆమెతోనే చెప్పి ఉండొచ్చు కదా? ఆమె చెవిటిది కాదు, పిచ్చిది కాదు. కానీ ఆ రోజుల్లో ఆడమనిషి ఒంటి సంగతి ఆమె మొగుడికి చెబితే సరిపోయిందనుకునేవారు. చదువుకున్నవాడు కూడా అంతే.

తాండూరు తిరిగి వచ్చాం. పక్కింట్లో కుట్టుమిషన్ పెట్టుకుని రవికలు కుట్టే ముసల్మాన్ ఆవిడను మేము ఆపా అని పిలిచేవాళ్లం. ఆమె అమ్మకు ఎడమ పక్క లోపల దూది పెట్టి రవికలు కుట్టి ఇచ్చింది. అవి తొడుక్కుని అమ్మ మళ్లీ బజారుకు పోవడం, కూరగాయల దగ్గర బేరమాడటం మొదలుపెట్టింది. గడ్డ పోయింది, బతికి బయటపడ్డాం అనుకున్నాం. నాన్న ఎప్పుడూ లేంది, మిల్లు నుంచి వస్తూ జిలేబీ తెచ్చాడు.

కానీ అమ్మకు ముట్టు రాలేదు. ఒక నెల, రెండు నెలలు, దసరా పోయింది, దీపావళి పోయింది. సాయబాను మూల ఖాళీగానే ఉంది. ఉన్నట్టుండి ఆమె ఒంట్లోంచి ఆవిరి లేచేది. చలికాలంలో కూడా మెడ మీద, ముఖం మీద చెమటలు ధారగట్టేవి. లేచి పోయి నాపరాళ్ల మీద చెంప ఆనించి పడుకునేది. నిద్ర లేదు. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. అన్నం మాడిందని నన్ను తిట్టి, వెంటనే నన్నే పట్టుకుని ఏడ్చేది.

ఆమె లెక్క ఆమెకు ఉంది. ఆ లెక్క తప్పని అనడానికి ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒక్కరు కూడా లేరు. నెలనెలా బయటికి పోవాల్సిన చెడు రక్తం పోకపోతే ఏమవుతుంది? లోపలే ఉండిపోతుంది. పేరుకుంటుంది. గడ్డ కడుతుంది. మొదటి గడ్డ కూడా అట్లానే వచ్చి ఉంటుంది. ఇప్పుడు మళ్లీ ముట్టు ఆగింది కాబట్టి మళ్లీ గడ్డ వస్తుంది. ముట్టు తెప్పించుకుంటేనే తను బతుకుతుంది. ఆమె చావుకు భయపడే ఆ పని మొదలుపెట్టింది.

మొదట నువ్వులూ బెల్లం దంచి తిన్నది. తర్వాత పచ్చి బొప్పాయి. ఆపాకు చెప్పుకుంటే, ఆమె మిషన్ ఆపి కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"డాక్టర్‌నే అడుగు నా! కరెంట్ పెట్టినోనికి మాలూం ఉంటది."

"మగ డాక్టరు ఆపా. ఈయన పక్కనే నిలబడ్తడు. ఎట్ల అడగాలె?"

"జాన్ ముఖ్యమా, షరమ్ ముఖ్యమా?"

ఆ తర్వాత మళ్లీ చూపించుకోవడానికి హైదరాబాదు పోయినప్పుడు నేను కూడా పోయాను. డాక్టరు ఆపరేషన్ మచ్చ చూశాడు, చంక కింద నొక్కి చూశాడు. "అంతా బాగుందా?" అని అడిగాడు. అడిగింది అమ్మను, జవాబు చెప్పింది నాన్న. "మంచిగున్నది సార్." అమ్మ నోరు తెరిచింది. నాన్న వైపు చూసింది. మూసుకుంది. బయట వందమంది కూర్చుని ఉన్నారు, డాక్టరు అప్పటికే తర్వాతి మనిషిని పిలిచాడు.

సంక్రాంతి దాటాక పెద్దమ్మ వికారాబాదు నుంచి గోలీలు తెచ్చింది. అక్కడ బజార్లో ఒక మందుల షాపులో కూర్చునే మనిషిని అడిగిందట. నెల తప్పిందా, ఆలస్యమైందా, కడుపా కాదా చూసుకోవాలా, దేనికైనా ఆ గోలీలే ఇచ్చేవాళ్లు అప్పుడు. చీటీ అడిగేవాడు లేడు. వయసెంత, జబ్బేంది అని అడిగేవాడు కూడా లేడు. పెద్దమ్మ సంచిలోంచి పొట్లం తీసి అమ్మ చేతిలో పెట్టింది.

"ఏసుకో. మా ఆడబిడ్డకు గట్లనే ఆగితే ఇవ్వే ఇచ్చిన్రు. నువ్వు ఊకె ఫికర్ పడకు."

నా పెద్దమ్మ చెల్లెలి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. ఆమెను తిట్టడానికి నాకు ఎప్పుడూ నోరు రాలేదు.

గోలీలు వేసుకున్నాక అమ్మ మారిపోయింది. ముందు ఆవిర్లు తగ్గాయి. తర్వాత నిద్ర పట్టింది. పొద్దున లేచి ముఖం కడుక్కుని, అద్దం ముందు నిలబడి చాలా రోజుల తర్వాత కాటుక పెట్టుకుంది. కీళ్ల నొప్పులు పోయాయంది. నాకు జడ వేస్తూ ఏదో కూనిరాగం తీసింది. మా అమ్మ మాకు తిరిగి వచ్చిందని ఎంత సంబరపడ్డానో చెప్పలేను. పొట్లంలో గోలీలు అయిపోయిన కొద్ది రోజులకు ముట్టు వచ్చింది.

ఆమె ఆనందం చూడాలి! నన్ను కేకేసి పిలిచింది. "అయిందే బిడ్డా, అయింది! ఇగ బతికిన పో!" అంది. కళ్ల నిండా నీళ్లు. అటక మీది నుంచి బొంత దింపమంది. ఎండలో దులిపి సాయబాను మూల పరిచాను. దాని మీద మహారాణిలా కూర్చుని, ఆపాను గోడ అవతలి నుంచి పిలిచి మరీ చెప్పింది.

సాయంత్రం నాన్న వచ్చాడు. తలగుడ్డ దులుపుకుంటూ సాయబానులో అడుగుపెట్టి, బొంతను చూసి ఆగిపోయాడు. అమ్మ తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. నేను గడపలో నిలబడి ఉన్నాను. నాన్న ముఖంలో రక్తం లేదు. బొంత వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన పెదవులు కదిలాయి. ఏదో అడగబోతున్నాడనుకున్నాను. ఇల్లు మొత్తానికి ఒక్క ఆయనకే తెలుసు, అది రాకూడదని. ఎట్లా వచ్చిందని ఒక్క మాట అడిగితే చాలు, అమ్మ గోలీల సంగతి చెప్పేసేది.

ఆయన బిందె తీసుకుని బావి దగ్గరికి పోయాడు. నీళ్లు తోడి తెచ్చి ఆమెకు అందేంత దూరంలో పెట్టాడు. లోపలికి పోయి పొయ్యి ముట్టించాడు.

తర్వాత ఎప్పుడో చెప్పాడు, కరెంటు సరిగా పనిచేయలేదేమో అనుకున్నానని. డాక్టరును అడుగుదామని కూడా అనుకున్నాడట. కానీ గడ్డ లేదు, మనిషి నవ్వుతోంది, నిద్రపోతోంది. మళ్లీ ఆ మాట ఎత్తడం ఎందుకులే అని ఊరుకున్నాడట. ఊరుకోవడం మా ఇంట్లో అందరికీ బాగా వచ్చిన పని.

పెద్దమ్మ ప్రతి నెలా గోలీలు పంపేది. తనకు వీలుకాకపోతే వికారాబాదు నుంచి తాండూరు రైలెక్కే తెలిసినవాళ్ల చేతికి ఇచ్చేది. ప్రతి నెలా అమ్మ బొంత పరుచుకునేది. 1975, ఆ తర్వాత 1976 అంతా అట్లా గడిచింది. హైదరాబాదు పోవడం మానేశారు, బాగున్న మనిషిని దవాఖానకు ఎందుకు తిప్పడమని. ఆ ఏడు చలికాలంలో అమ్మకు నడుము నొప్పి మొదలైంది. నీళ్లు మోసి పట్టేసిందనుకున్నాం. నేను ఆవనూనె రాసి తోమేదాన్ని. తోముతుంటే పళ్లు బిగపట్టేది. కొన్నాళ్లకు పాత మచ్చ పక్కన చిన్న చిన్న గింజల్లా గట్టిగా లేచాయి. ఈసారి ఆమె దాచలేదు, పెద్దమ్మకు వెంటనే చూపించింది.

దవాఖానలో అదే డాక్టరు. జుట్టు కాస్త నెరిసింది. మచ్చ చూశాడు, వెన్ను మీద తట్టి చూశాడు. ఫొటోలు తీయించాడు. వాటిని వెలుతురుకు పట్టుకుని చూసి, కింద పెట్టి, ఈసారి నాన్నకు సందు ఇవ్వకుండా నేరుగా అమ్మ వైపు తిరిగి అడిగాడు.

"అమ్మా, నీకు ముట్టు ఆగిపోయింది కదా?"

అమ్మ సిగ్గుపడింది. అయినా మంచి మాట చెబుతున్నానన్న ధీమాతో అంది:

"ఆగింది సార్. కని మల్ల తెప్పించుకున్న. గోలీలు ఏసుకుంటే మంచిగ అయితున్నయి. నెలనెల తప్పకుండ."

"ఏం గోలీలు?"

అమ్మ కొంగు ముడి విప్పి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు దాన్ని తిప్పి చదివాడు. తర్వాత నాన్న మీద విరుచుకుపడ్డాడు. "మీకు అంత విడమరిచి చెప్పానే! ముట్టు రాకూడదనే కదా ఆ కరెంటు పెట్టింది! ఏ రసాన్ని ఎండగట్టడానికి మేము తంటాలు పడ్డామో, అదే రసాన్ని గోలీల్లో పెట్టి నెలనెలా పోస్తారా? ఈమెకు మీరు చెప్పలేదా?"

నాన్న నేల చూపులు చూశాడు. అమ్మ డాక్టరు ముఖం చూసింది, నాన్న ముఖం చూసింది. ఆమెకు మొత్తం అర్థమైంది. ఎంత తొందరగా అర్థమైందో! ఎవరైనా ముందే చెప్పి ఉంటే అంతే తొందరగా అర్థం చేసుకునేది. అప్పుడు నా వైపు చూడకుండా, నా పేరు చెప్పకుండా, నేరుగా నాన్నతో మాట్లాడింది. అట్లా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"నా పెయ్యిల, నా కడుపుల ఏం చేసిన్రో నీకెర్కనా?"

నాన్న తలూపాడు.

"నేను బొంత ఏసుకున్ననాడు గూడ నీకెర్కనా?"

దానికి కూడా తలూపాడు. అమ్మ ఆ గదిలో కూర్చోవడానికి ఉన్న ఒకే ఒక స్టూలు మీద కూలబడింది. నాన్న ఆమె ముందు నిలబడి, పప్పు పొట్టు గీసుకుపోయిన ఆ పెద్ద చేతులతో ముఖం కప్పుకుని, నలుగురిలో, పసిపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు. అప్పుడు అసలు కలగలేదు. చంపేయాలన్నంత కోపం వచ్చింది.

అమ్మ 1977 వానాకాలంలో పోయింది.

ఎనభైల్లో నేను వికారాబాదులో జూనియర్ కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే పనిలో చేరాను. ఆ చదువుకు పోయిందే ఆ పొట్లం వల్ల. అందులో ఉన్నది ఏమిటో నాకు తెలియాలి. ఆ రసం పేరు ఈస్ట్రోజన్. ఒంట్లోని కణాల్లో దాన్ని పట్టుకోవడానికి రిసెప్టర్లు ఉంటాయి, పుస్తకంలో గ్రాహకాలు అని రాసేవారు. అవి కణం లోపల, కేంద్రకం దగ్గర ఉంటాయని, ఈస్ట్రోజన్ వచ్చి తగులుకుంటే కణానికి కొత్త ఆజ్ఞలు అందుతాయని, దానికి గంటలు పడుతుందని పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. కాలేజీ లైబ్రరీకి వచ్చే ఒక పత్రికలో ఇంకో మాట చదివాను. అవి కణం పైపొర మీద కూడా ఉండొచ్చట. ఇంటికి నడిమింట్లో ఒక మనిషి, గడపలో ఒక మనిషి ఉన్నట్టు. గడపలో ఉన్నవాడు పిలవగానే పలుకుతాడు, నిమిషాల్లో లోపలికి కబురు పోతుంది. ఆ రోజుల్లో చాలామంది దాన్ని నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నారు. ఆ పైపొర మీది గ్రాహకాలే రక్తనాళాలను వదులు చేస్తాయి, ఎముకకు మేలు చేస్తాయి అంటున్నారు. అవే క్యాన్సర్ కణానికి పెరగమని, చావొద్దని కూడా చెబుతాయంటున్నారు. మందుకు లొంగకుండా మొండికేసే గడ్డల వెనక కూడా వాటి చెయ్యి ఉందంటున్నారు.

ఆ గోలీలు వేసుకున్నాక అమ్మ నిద్రపోవడం, కాటుక పెట్టుకోవడం, కూనిరాగం తీయడం, అవన్నీ అబద్ధం కాదు. ఆమె ఒళ్లు నిజంగానే బాగుపడింది. అదే రసం ఒక చోట ఆమెను నవ్విస్తూ, ఎక్కడో మిగిలి ఉన్న నాలుగు కణాలను మేపుతూ ఉంది. అయితే గోలీల వల్లే తిరగబెట్టిందా, అవి లేకపోయినా తిరగబెట్టేదేనా? నేను చాలామంది డాక్టర్లను అడిగాను. గట్టిగా ఎవరూ చెప్పలేదు. ఆమె గడ్డకు ఆ గ్రాహకాలు ఉన్నాయో లేదో చూసే పరీక్ష అప్పుడు మాకు అందుబాటులో లేదు. ఎనభైల్లో ఆ గ్రాహకాలకు అడ్డం పడే మందు మా వైపు కూడా వచ్చింది. చూడటానికి అది కూడా చిన్న తెల్ల గోలీయే. మొదటిసారి ఒక పొరుగింటావిడ చేతిలో దాన్ని చూసిన రోజు నేను ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను.

ఇక ఆ ఆఖరి రోజుల సంగతి. వెన్నెముకకు పాకాక అమ్మ లేవలేకపోయింది. నాన్న మిల్లు మానేశాడు. ఎత్తి కూర్చోబెట్టడం, కడగడం, అన్నీ ఆయనే చేశాడు. అమ్మ చేయించుకుంది. తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. ఒక మధ్యాహ్నం నేను గంజి తీసుకుపోయేసరికి ఆమె పడుకునే ఉండి, రవిక హుక్కులు విప్పుకుంటోంది. ఉక్కపోస్తుందేమో అనుకున్నాను. నాన్న అది చూసి, అలవాటు కొద్దీ తల తిప్పుకుని, బయటికి పోబోయాడు.

"ఏడికి పోతున్నవ్? ఈన్నే ఉండు" అంది అమ్మ.

ఆయన తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

నా చెయ్యి తీసుకుంది. ఆమె చెయ్యి కాలిపోతోంది. నా వేళ్లను మచ్చ పక్కన ఆ గింజల మీద పెట్టింది. నేను చెయ్యి లాక్కోబోయాను. లాక్కోనివ్వలేదు. అంత బలం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

"సూడు. ఒత్తి సూడు. గట్టిగున్నయా? కదుల్తలేవు గదా?"

"అమ్మా, వద్దే…"

"వద్దంటే ఎట్ల? ఇగో, గిక్కడ. చంక కింద గూడ సూడు." నా వేళ్లను అక్కడికి జరిపింది. "ఇట్లుంటది. నాకు ఇట్లుంటదని ఎవలు చెప్పలే. నీకు నేను చెప్తున్న. నీ పెయ్యి నువ్వే చూసుకోవాలె. నీకు ఇసొంటిది చేతికి తగిలిన్నాడు మొగడున్నడని, డాక్టరున్నడని, మంది ఇంటరని చూడకు. ఒర్రు. ఇంటున్నవా బిడ్డా? పదిమందికి ఇనపడేటట్టు గట్టిగ ఒర్రు."

తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ నాన్న వైపు తిరిగింది.

"నువ్వు గూడ విన్నవ్ గదా. రేపు ఇది ఏమన్న చెప్తే తల తిప్పుకోకు."